కోటమ్మ ఎందుకు అరిచింది

2007 ఫిబ్రవరిలో ఒక రోజు తూర్పు తీరమంతా మంచు తుఫానులో చిక్కుకుంది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ విమానాశ్రయాలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. అప్పటికే గాల్లో ఉన్న విమానాలు ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. ఆ పూటకు రన్‌వే తెరిచి ఉంచగలిగిన కొద్ది చోట్లలో పెన్సిల్వేనియా కొండల మధ్య ఉన్న ఒక చిన్న విమానాశ్రయం కూడా ఉంది. అక్కడ ఆపరేషన్స్ మేనేజరు నళిని.

కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, పెళ్ళయ్యాక అమెరికా వచ్చి, ఇక్కడ మళ్ళీ చదువుకుని ఈ ఉద్యోగంలో చేరింది. భర్త అమర్‌నాథ్ ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరు. ఊళ్ళో తెలుగు కుటుంబం వాళ్ళదొక్కటే. నళిని కుదురుగా కూర్చునే మనిషి కాదు. ఏదో జరగబోతోందని ఎప్పుడూ ఆమెకు లోపల ఒక గుబులు. అక్టోబరు రాగానే మడత మంచాలు, దుప్పట్లు, పసిపిల్లల పాలపొడి, డైపర్లు కొనిపించి గోదాములో పెట్టించేది. "ఇది ఎయిర్‌పోర్టా, పురిటి ఆసుపత్రా?" అని డైరెక్టరు వాల్టర్ నవ్వుతూనే సంతకం పెట్టేవాడు. పెద్ద విమానాలకు అందే ఎత్తైన మెట్లబండి కావాలని అడిగినప్పుడు మాత్రం పెట్టలేదు.

"పెద్ద విమానాలు మన దగ్గరకు రావు నళినీ. వచ్చినప్పుడు చూద్దాం."

ఆ రోజు వచ్చింది. ముందు చిన్న విమానాలు వరసగా దిగి ఉన్న గేట్లన్నీ నిండిపోయాయి. ఆ వెనక పారిస్ నుంచి వాషింగ్టన్ వెళ్ళాల్సిన పెద్ద విమానం, ఇంధనం అడుగంటుతుంటే, రెండు వందల మందికి పైగా మనుషులతో దిగింది. అది రన్‌వే వదిలి పక్క దారిలో ఆగిందో లేదో మంచు కాస్తా గడ్డకట్టే వానగా మారింది. నేల మీద పడిన ప్రతి చుక్కా అద్దంలా పేరుకుంటోంది. ఇక ఏ విమానమూ కదిలే వీల్లేదని కంట్రోల్ టవర్ ప్రకటించింది.

చిన్న విమానాల్లోవాళ్ళు దిగి లోపలికి వచ్చేశారు. వాళ్ళకు కాఫీలు, మంచాలు చూడటం నళినికి కష్టం కాలేదు. పెద్ద విమానంతోనే వచ్చింది చిక్కు. అది విదేశం నుంచి వచ్చింది. ఆ విమానాశ్రయంలో పాస్‌పోర్టులు చూసే అధికారులెవరూ లేరు. దగ్గరలో ఉన్నవాళ్ళు కొండలకు అవతల ఉన్నారు, రోడ్లు మూసేశారు. నళిని ఫోన్ చేస్తే కస్టమ్స్ సూపర్‌వైజరు ఉన్నదున్నట్టు చెప్పింది.

"మా వాళ్ళు రాకుండా ఒక్కరు కూడా దిగకూడదు. లోపలున్నవాళ్ళ ప్రాణాలకు ముప్పు ఉంటే అది వేరు. ఆ మాట కెప్టెన్ చెప్పాలి. అప్పుడైనా అందరినీ ఒకే హాల్లో పెట్టి, తాళం వేసి, తలుపు దగ్గర పోలీసును నిలబెట్టాలి. బయటివాళ్ళెవరూ కలవకూడదు."

నళిని పాత లగేజి హాలు ఖాళీ చేయించింది. మంచాలు వేయించింది. పక్క తలుపులకు తాళాలు వేయించి, పోలీసును రప్పించింది. ఇక కెప్టెన్ ఒక్కమాట అంటే చాలు.

కెప్టెన్ ఆ మాట అనలేదు. ఎయిర్‌లైన్ ఆఫీసువాళ్ళు ఆయన్ను ఆగమంటున్నారు. ఇంకాసేపట్లో వాషింగ్టన్ తెరుచుకుంటుందట. జనాన్ని దింపితే మళ్ళీ ఎక్కించడం కష్టమట. కాసేపయ్యాక అడిగితే మళ్ళీ అదే జవాబు. విమానాన్ని అలా ఎంతసేపు నిలిపి ఉంచవచ్చన్నదానికి అప్పటికింకా నియమం రాలేదు.

నళిని కిటికీ దగ్గరకు వెళ్ళడం, చూడటం, తిరిగి రావడం. మళ్ళీ వెళ్ళడం. దూరాన తెల్లటి పొగలాంటి వానలో విమానం తోక, కిటికీల వరస మసకగా కనిపిస్తున్నాయి. లోపల దీపాలు వెలుగుతున్నాయి. చల్లారిపోయిన కాఫీ కప్పు చేతిలో పట్టుకుని ఆమె ఆ కిటికీల వరసనే చూస్తూ నిలబడింది. వాల్టర్ మంచులో ఇంట్లోనే చిక్కుకుపోయాడు. ఫోన్లో దొరుకుతున్నాడు.

"నువ్వు చేయాల్సింది చేశావు. కూర్చో," అన్నాడు.

"వాళ్ళకు తిండి ఉందో లేదో తెలియదు వాల్టర్. టాయిలెట్లు ఎలా ఉన్నాయో తెలియదు."

"అది ఎయిర్‌లైన్ బాధ్యత."

ఆమె ఫోన్ పెట్టేసింది. కూర్చోలేదు.

సాయంత్రం కావస్తుండగా కెప్టెన్ దగ్గర నుంచి పిలుపు వచ్చింది. ఆ మాట చెప్పడానికే అనుకుని నళిని రేడియో అందుకుంది. ఆయన అడిగింది పోలీసును.

"ఒక ప్రయాణికురాలు గొడవ చేస్తోంది. పక్క సీటాయన నిద్రపోతుంటే నోట్లో ఏదో కుక్కబోయింది. ఆపబోయిన మా అమ్మాయిని కొట్టింది. వెనక సీట్లోకి మార్చాం. ఆగకుండా అరుస్తోంది. తలుపు తీసినప్పుడు ముందు ఆమెను అప్పగిస్తాం."

"ఎవరావిడ?"

"ఇండియా నుంచి. పెద్దావిడ. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. విమానంలో ఇంకో ఇండియన్ ఎవరూ లేరు."

"పేరు?"

ఆయన ఎవరినో అడిగి, కూడబలుక్కుని చదివాడు. ఇంటిపేరు పూర్తిగా చెడిపోయింది కానీ, చివర్లో 'కోటమ్మ' అన్నది ఎంత వంకరగా పలికినా నళినికి తెలిసిపోయింది. 

"ఆమెతో నేను మాట్లాడాలి. ఇప్పుడే. మీ వాళ్ళెవరి సెల్‌ఫోన్ అయినా ఆమెకివ్వండి."

క్లెయిర్ అనే ఎయిర్ హోస్టెస్ తన ఫోన్ నుంచి చేసింది. వెనకాల పిల్లల ఏడుపులు, ఎవరో విసుగ్గా కసరడం, వాటన్నిటి మీద తేలుతూ ఒక బొంగురుపోయిన గొంతు.

"అమ్మా, నా పేరు నళిని. నేను ఈ ఎయిర్‌పోర్టులో పనిచేస్తాను. తెలుగుదాన్నే. చెప్పండమ్మా, ఏమైంది?"



"తెలుగే? నిజంగా తెలుగేనా తల్లీ?"  వెంటనే గొంతు గట్టిపడింది. "నా సంగతి తర్వాత. ముందు ఆ ముసలాయన్ని చూడమని చెప్పు వీళ్ళకి. నా పక్కన కూర్చున్నాయన. ఆయనకి షుగరు పడిపోయింది. ఎంత మొత్తుకున్నా వినరేంటి వీళ్ళు!"

"షుగర్ పడిపోయిందని మీకెలా తెలుసమ్మా?"

"నా కళ్ళతో చూశా. అన్నం పెడతారనంగా పొట్టలో సూది పొడుచుకున్నాడు. మా ఆయన పోయిందాకా రోజూ నేనేగా పొడిచింది, నాకు తెలవదా! ఆ అన్నం బళ్ళు తెచ్చేలోపల విమానం ఊగిపోయింది. అందర్నీ కూర్చోమన్నారు. ఇక్కడ దింపారు. ఆ తర్వాత అన్నమూ లేదు, ఏమీ లేదు. ఆయనకి ముందు చెమటలు పట్టినయ్. చేతులు వణికినయ్. తనలో తను ఏదో గొణుక్కున్నాడు. ఇప్పుడు పిలిచినా పలకట్లేదు, ఒళ్ళు మంచుగడ్డలాగుంది. షుగర్, షుగర్ అని అరిచా. కాఫీలోకి పంచదార పొట్లాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. అదే ఆయన బుగ్గలో పెట్టబోతే నన్ను లాగేశారమ్మా. తాగి పడుకున్నాడనుకుంటున్నారు. తాగింది కాసింత, అదీ పొద్దున."

నళిని ఫోన్ క్లెయిర్‌కు ఇమ్మంది. ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "ఆయన డయాబెటిక్. ఇన్సులిన్ తీసుకుని తిండి తినలేదు. వెళ్ళి లేపి చూడండి. ఫోన్ పెట్టకండి."

ఫోన్లో అడుగుల చప్పుడు. "సార్? సార్?" అన్న మాట. ఆ మాటే గట్టిగా ఇంకోసారి. తిరిగి మాట్లాడినప్పుడు క్లెయిర్ గొంతు మారిపోయింది.

"లేవడం లేదు. చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. దుప్పటి కప్పి ఉంటే మేం... నిద్రనుకున్నాం."

విమానంలో డాక్టరెవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరు. స్పృహ లేనివాడి నోట్లో ఏమీ పోయవద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టమని చెప్పి నళిని ఫైర్ చీఫ్ డెనిస్‌ను పిలిచింది. డెనిస్ మనుషులు అత్యవసర వైద్యం తెలిసినవాళ్ళు. సమస్య అక్కడికి వెళ్ళడం, ఎక్కడం. ఉన్న మెట్లబండి ఆ తలుపు ఎత్తుకు అందదు.

"భోజనాలు ఎక్కించే లిఫ్ట్ ట్రక్కు ఉందిగా. దాని పెట్టె తలుపు దాకా లేస్తుంది," అన్నాడు డెనిస్. కిటికీలోంచి గాలిని చూశాడు. "ఈ గాలిలో దాన్ని లేపకూడదు. గాలి విడుపు ఇచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం లేపుతా. నాకు భరోసా లేకపోతే దింపేస్తా. అప్పుడు నన్ను తిట్టకూడదు."

"నేనూ వస్తున్నాను."

"నువ్వెందుకు?"

"ఆవిడతో తెలుగులో మాట్లాడటం మీలో ఎవరికొచ్చు?"

ముందు ఇసుక చల్లే బండి, దాని వెనక మంచు తోసే బండి, ఆ వెనక అంబులెన్సు, లిఫ్ట్ ట్రక్కు. మనిషి నడిచినంత నెమ్మదిగా పోయాయి. నళినికి దిగి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తితే రెండో అడుగులోనే పడుతుందని తెలుసు. అద్దం తుడుస్తున్న వైపర్ వంక చూస్తూ కూర్చుంది. కాలు ఒకటే ఆడిస్తోంది. 

విమానం కింద గాలి ఈడ్చి కొడుతోంది. ట్రక్కు పెట్టెలో నళిని, ఇద్దరు ఫైర్‌మెన్ నిలబడ్డారు. డెనిస్ లేపడం మొదలుపెట్టాడు. సగానికి చేరేసరికి గాలి విసిరింది. పెట్టె పక్కకు ఒరిగి, ఇనుము కిర్రుమంది. నళిని కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. డెనిస్ ఆపాడు. ఆగాడు. కాస్త దించాడు. అయిపోయింది, వెనక్కు పోతాం అనుకుంది నళిని. గాలి ఒక్కసారి మెత్తబడింది. మళ్ళీ లేపాడు. ఈసారి పెట్టె అంచు తలుపు గడపకు తగిలింది.

తలుపు తెరుచుకోగానే ముందు తగిలింది వాసన. నిండిపోయిన టాయిలెట్లు, విప్పిన బూట్లు, వాంతులు. ఫైర్‌మెన్ లోపలికి దూసుకెళ్ళారు. ముసలాయన పేరు మార్సెల్. ముఖం సున్నం రంగులో ఉంది. వేలి నుంచి చుక్క రక్తం తీసి మీటరు చూసిన కుర్ర ఫైర్‌మన్ వెంటనే సూది సిద్ధం చేశాడు. నరంలోకి గ్లూకోజు ఎక్కుతోంది. చుట్టుపక్కల సీట్లవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

కాసేపటికి మార్సెల్ కనురెప్పలు కదిలాయి. కళ్ళు తెరిచి, తనమీద వంగిన హెల్మెట్లను చూసి బిత్తరపోయి, ఫ్రెంచిలో ఏదో అడిగాడు. ఇవతల సీటాయన నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. "వాషింగ్టన్ వచ్చిందా అని అడుగుతున్నాడు."

నళిని వెనక్కు నడిచింది. చివరి వరసలో, పసుపు రంగు చీర మీద మగవాళ్ళ స్వెటరు వేసుకున్న ఒక చిన్న మనిషి, సీటు అంచున కూర్చుని ఉంది. కాళ్ళకు సాక్సులు, ఆ పైన చెప్పులు.

"కోటమ్మగారూ."

"బతికాడా?"

"బతికాడమ్మా. కళ్ళు తెరిచాడు. మాట్లాడాడు."

కోటమ్మ అరచేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా అరిచి అరిచి ఉన్న గొంతులోంచి ఇప్పుడు శబ్దం రాలేదు. భుజాలు మాత్రం ఎగిసిపడ్డాయి. నళిని పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

హైదరాబాదు నుంచి తోడుగా వచ్చిన దంపతులకు వేరే విమానంలో, తనకు ఇందులో సీటు ఇచ్చారని, పారిస్‌లో ఎక్కాల్సిన విమానం అందకపోవడం వల్లనే ఇలా ఒంటరినయ్యానని కోటమ్మ చెప్పింది. పొన్నూరు దగ్గర ఊరు. కూతురు భావన వాషింగ్టన్ దగ్గర షాంటిలీలో ఉంటుంది. పొద్దుటి నుంచి వాషింగ్టన్ ఎయిర్‌పోర్టులో ఎదురు చూస్తూ ఉంటుంది.

ఇంతలో ముందునుంచి గోల లేచింది. మార్సెల్‌ను కిందికి దింపుతున్నారు. తెరిచిన తలుపు చూసి జనం లేచి నిలబడ్డారు. "మమ్మల్నెప్పుడు దింపుతారు?" అని ఒకరు. "నా బిడ్డకు పాలు లేవు," అని ఒక తల్లి. "ఈ తలుపు మళ్ళీ మూస్తే నేనే పగలగొడతా," అని ఒక పొడుగాటి మనిషి. కెప్టెన్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. దగ్గర నుంచి చూస్తే ఆయన ముఖమూ పీక్కుపోయి ఉంది.

నళిని ఆయన దగ్గరకు వెళ్ళింది.

"కెప్టెన్, హాలు సిద్ధంగా ఉంది. తాళాలు వేశాం. పోలీసు ఉన్నాడు. కస్టమ్స్‌వాళ్ళతో మాట్లాడాను. ప్రాణాలకు ముప్పు అని మీరు ఒక్కమాట చెప్పాలి."

"ఆయన్ను దింపేశాంగా. ఇప్పుడు ఎవరికీ ముప్పు లేదంటారు మా ఆఫీసులో."

"తిండి లేదు. నీళ్ళు అయిపోతున్నాయి. ఇందులో ఇంకెంతమందికి షుగర్ ఉందో మీకు తెలుసా? ఇందాక ఒకావిడ చెబితే మనం వినలేదు. ఈసారి చెప్పేవాళ్ళు కూడా ఉండకపోవచ్చు."

ఆమె ఫోన్ మోగింది. వాల్టర్. "పేషెంటును మాత్రమే దింపు. మిగతాది పై నుంచి అనుమతి వచ్చాక," అన్నాడు.

"అనుమతి కెప్టెన్ ఇవ్వాలి వాల్టర్. ఆయన నా ఎదురుగానే ఉన్నాడు."

"నళినీ, రేపు దీనికి జవాబు చెప్పాల్సింది నువ్వు."

"చెప్తాను."

కెప్టెన్ ఆమెను, ఆమె వెనక నిలబడ్డ జనాన్ని చూశాడు. టోపీ తీసి, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, కాక్‌పిట్ వైపు తిరిగాడు. రేడియోలో ఆయన ఆ మాట అనడం తలుపు దగ్గరున్నవాళ్ళందరికీ వినపడింది.

పెట్టెలో ఒక్కో విడతకు కొద్దిమందే పడతారు. పసిపిల్లల తల్లులు ముందు, ఆ తర్వాత ముసలివాళ్ళు. గాలి పెరిగినప్పుడల్లా డెనిస్ ఆపేసేవాడు. తలుపు దగ్గర వరస కదలక, తోపులాట మొదలయ్యేది. గాలి తగ్గేది. మళ్ళీ పెట్టె లేచేది. నళిని ఏ విడతకు ఆ విడత ఇదే ఆఖరిది అవుతుందేమో, మిగిలినవాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారేమో అని లోపల లోపల అనుకుంటూ, పైకి మాత్రం "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది" అంటూ నిలబడింది.

కోటమ్మ వంతు వచ్చింది. ఆమె లేవలేదు.

"నేను దిగనమ్మా. వాషింగ్టన్‌లో తప్ప ఎక్కడా దిగొద్దు, ఎవరు చెప్పినా దిగొద్దు అని మా అమ్మాయి వెయ్యిసార్లు చెప్పింది. దిగితే మళ్ళీ ఎక్కనివ్వరంట."

"నేను చెబుతున్నాగా పెద్దమ్మా."

"నువ్వు మంచిదానివే. కానీ నిన్ను నేను ఇప్పుడేగా చూసింది."

నళిని వాదించలేదు. నంబరు అడిగి భావనకు ఫోన్ కలిపి, సంగతి చెప్పి కోటమ్మకిచ్చింది. అటునుంచి ఏడుపూ అరుపూ కలిసిన గొంతు వినపడింది. "అమ్మా! ఎక్కడున్నావే? ఇక్కడెవరూ సరిగ్గా ఆన్సర్ చేయట్లేదు. ఆవిడ ఎవరో చెప్పినట్టు చెయ్యి. దిగు! అమ్మా, ప్లీజ్, దిగు!"

"అట్టా అరవమాక. దిగుతున్నా," అంది కోటమ్మ. లేచి సంచి భుజాన వేసుకుంది.

తలుపు దగ్గర క్లెయిర్ ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గబగబా ఏదో చెప్పింది.

"ఏమంటుంది ఈ పిల్ల?"

"క్షమించమంటోంది. మీ మాట అర్థం చేసుకోలేకపోయానంటోంది."

"ఆ పిల్ల మాత్రం ఏం చేస్తది, నాకు దాని భాష రాకపోతే." కోటమ్మ గొంతు తగ్గించింది. "నేనూ చేతిమీద ఒక్కటేశాలే. గట్టిగానే తగిలుంటది. పాపం."

నళిని ఆ మాటలు అలాగే ఇంగ్లీషులో చెప్పింది. క్లెయిర్ ఏడుస్తూనే నవ్వి, తన మందపాటి కోటు విప్పి కోటమ్మకు తొడిగింది. అది ఆమె చీలమండల దాకా వచ్చింది.

కింద, కెప్టెన్ ఇందాక అడిగిన పోలీసు వచ్చి నిలబడి ఉన్నాడు. గొడవ చేసినావిడను పట్టుకోమని తనకు చెప్పారని, పేరు కాగితం మీద ఉందని అన్నాడు. నళిని నోరు తెరిచేలోగా పైనుంచి కెప్టెన్ కేక వేశాడు. "ఆవిడను పట్టుకోవద్దు! తప్పు నాది. ఆవిడను వెచ్చగా లోపలికి తీసుకెళ్ళండి!" పోలీసు అర్థంకానట్టు చూసి, సరేనని కోటమ్మకు చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని, జారే నేలమీద చిన్న చిన్న అడుగులు వేస్తూ, జనాన్ని హాలుకు చేర్చే బస్సు ఎక్కింది.

అందరూ హాల్లోకి చేరేసరికి వెలుగు పూర్తిగా పోయింది. ఆఖరి విడత దిగిన తర్వాత డెనిస్ కంట్రోలు వదిలి వేళ్ళు చాపబోతే అవి చాలాసేపు తెరుచుకోలేదు. అమర్‌నాథ్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, మార్సెల్ సూపు తాగాడని, ఇంకాస్త ఆలస్యమైతే చేతులెత్తేయాల్సి వచ్చేదని చెప్పాడు. ఆ మాట నళిని కోటమ్మకు చెబితే, ఆమె సగం తిన్న బిస్కెట్ పక్కన పెట్టి, "వాళ్ళింట్లోవాళ్ళకి కబురు పెట్టారా?" అని అడిగింది.

రోడ్లు తెరిచాక పొద్దున్నే కస్టమ్స్ అధికారులు మంచు బండి వెనకాలే వచ్చి, మంచాల మధ్య బల్లలు వేసుకుని పాస్‌పోర్టుల మీద ముద్రలు కొట్టారు. మధ్యాహ్నానికి భావన వచ్చింది. తల్లిని కౌగిలించుకుని ఏడ్చింది. సంగతంతా విన్నాక ఆ ఏడుపు కోపంలోకి మారింది.

"ఎయిర్ హోస్టెస్‌ని కొట్టావా? అమ్మా, నీకు తెలుసా, అరెస్ట్ చేసి డిపోర్ట్ చేస్తారు! వీసా క్యాన్సిల్ అవుతుంది!"

"చేస్తే చెయ్యనీ. మనిషి చచ్చిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోమంటావా?"

"కూర్చోమని కాదు, కొట్టమని ఎవరు చెప్పారు?"

ఇద్దరూ అలా పోట్లాడుకుంటూనే కారు దాకా నడిచారు. నిన్నటి నుంచి నళిని మొదటిసారి నవ్వింది.

వాల్టర్ ఆ వారమే ఆమె ఫైల్లో ఒక మందలింపు పెట్టాడు, పై అనుమతి కోసం ఆగలేదని. ఆమె దానికి జవాబు రాసి ఇచ్చింది. వేసవిలో అదే వాల్టర్, పెద్ద విమానాలొస్తే ఏం చేయాలన్నది తేల్చే కమిటీకి ఆమెనే అధ్యక్షురాలిగా వేశాడు. మందలింపు మాత్రం తీసేయలేదు. ఆమె తీసేయమని అడగనూ లేదు.

అదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం భావన కారు, రెండువైపులా గోడల్లా పేర్చిన మంచు మధ్య నుంచి నెమ్మదిగా పోయింది. కోటమ్మ వెనక అద్దంలోంచి చెయ్యి ఊపింది. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయినా నళిని మెట్ల మీదే నిలబడింది. జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. దాన్ని కాసేపు మోగనిచ్చింది. అప్పుడు తీసింది.